ముసునూరు తోటలో ఆకలి బొగ్గు

మా నూజివీడును కృష్ణా జిల్లాలోంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపిన సంవత్సరం అది, రెండువేల ఇరవై రెండు. మే నెల. ఊరంతా మామిడికాయల ట్రాక్టర్లు, ఆటోలు, గోతాలు, గడ్డి. బస్టాండు నుంచి మార్కెట్ వైపు వెళ్లే రోడ్డులో ఒక ఎరువుల దుకాణం ఉంది. దాని మేడ మీద మట్టి పరీక్షల ల్యాబ్. అందులో నేను అనలిస్టుని. రైతులు తెచ్చిన మట్టిని ఆరబెట్టి, జల్లించి, అందులో ఏముందో ఏం లేదో చెప్పడం నా పని. కింద దుకాణం, పైన ల్యాబ్, రెండూ పురుషోత్తం గారివే.

ఈ ఏర్పాటులో ఉన్న చిక్కు చదివేవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది. పైన నేను రోగం చెబుతాను, కింద ఆయన మందు అమ్ముతారు. చాలా ఏళ్లు ఇది సజావుగానే సాగింది. జింకు తక్కువని నేను రాస్తే ఆయన జింకే ఇచ్చేవారు, పనికిరాని టానిక్కులు అంటగట్టేవారు కాదు. నాకు కోపం ఎక్కువని ఇంట్లోనూ అంటారు, ల్యాబ్‌లోనూ అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు కాబట్టి కాస్త జాగ్రత్తగానే ఉండేవారు. అలాంటి మనిషితో ఆ ఏడాది నేను దుకాణం మధ్యలో నిలబడి కేకలేయాల్సి వచ్చింది.

ఒకరోజు పొద్దున్న ల్యాబ్ తలుపు తీయడానికి వచ్చేసరికి మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. పక్కన రెండు సంచుల మట్టి, తడి తువ్వాలులో చుట్టిన ఒక మామిడి అంటు మొక్క. వేళ్లతో సహా పెకలించి తెచ్చింది.

"మొక్కనే పీక్కొచ్చారేంటండీ? మట్టి తెస్తే చాలు కదా" అన్నాను.

"ఎట్టాగూ అన్నీ పీకేస్తామంటున్నారండీ. అందుకే ఒకటి ముందే పీక్కొచ్చా. చూసి చెప్పండి, ఇది బతుకుద్దా, చచ్చిపోద్దా?" అందావిడ.

ఆవిడ పేరు కోటేశ్వరమ్మ. ముసునూరు దాటాక లోపలికి తోట. భర్త స్కూలు బస్సు నడుపుతాడు, వ్యవసాయమంతా ఈవిడదే. తోటలో పాత చెట్లు కాండం తొలిచే పురుగు పట్టి ఎండిపోతే, కొట్టించేసి కిందటేడు తొలకరిలో కొత్త అంట్లు నాటింది. కొన్ని బంగినపల్లి, కొన్ని చిన్న రసాలు. ఏడాది కావస్తున్నా అవి జానెడు ఎదగలేదు. చిగురు రావడమే అరుదు, వచ్చినా పసుపుపచ్చగా వచ్చి అంచులు మాడిపోతోంది. ఆవిడ పొలాన్ని ఆనుకునే బావగారు రాఘవయ్య పొలం. ఆయన అంతా ఆయిల్ పామ్ వేశాడు. బోరు ఇద్దరికీ ఉమ్మడి. ఈ ముక్క కూడా కలిసొస్తే ఒకే డ్రిప్పు లైను, ఒకే పంట, ఒకే కాపలా. మామిడి మొక్కలు కళకళలాడుతుంటే ఆయన ఆ మాట ఎత్తేవాడు కాదు. ఇప్పుడు ఎత్తాడు.

"వినాయక చవితి దాకా చూస్తానన్నారండీ. తేరుకోకపోతే చవితి వెళ్లగానే పొక్లెయిన్ పెట్టి దున్నించేస్తారంట. మా ఆయన వాళ్లన్న మాటకి ఎదురు చెప్పడు. ఒక్కసారి ఆ పామాయిల్ మొక్క పడిందంటే ఇక నా జన్మలో కదలదండీ. ఆ పొలం మీద నా మాట ఉండదు."

ఒక సంచిలో మొక్క నాటిన గుంటలో మట్టి, ఇంకోదాంట్లో గుంట బయటిది. గుంట సంచి విప్పి మట్టి అరచేతిలో వేసుకున్నాను. మా వైపు మామిడి నేలలు ఎర్రవి. ఇది నల్లగా ఉంది. వేలితో నలిపితే మిలమిల మెరిసే పలుకులు.

"ఇదేంటండీ, గుంటలో ఏం పోశారు?"

"మీ కింద కొట్లో కొన్న బయోచారేనండీ."

బయోచార్ అంటే బ్రహ్మపదార్థం కాదు. కొమ్మలు, ఊక, జీడిపిక్కల తొక్కలు లాంటివాటిని గాలి సరిగా తగలకుండా కాలిస్తే బూడిద కాకుండా బొగ్గుగా మిగులుతుంది. నేలకు వేయడం కోసం చేసిన ఆ బొగ్గునే బయోచార్ అంటారు. దాని లోపలంతా కంటికి కనిపించని సన్నని రంధ్రాలు. మట్టిలో వేస్తే ఏళ్ల తరబడి కుళ్లకుండా ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది, పోషకాలను జారిపోనివ్వదు. ఇవన్నీ నిజాలే. కాకపోతే బట్టీలోంచి అప్పుడే దిగిన బొగ్గు ఈ పనులేవీ చేయదు. కొత్త కుండలో నీళ్లు పోస్తే ముందు కుండే తాగుతుంది కదా, ఇదీ అంతే. వేర్ల పక్కన పచ్చి బొగ్గు పోస్తే మట్టిలో ఉన్న కాస్త నత్రజనిని అదే లాక్కుంటుంది. కాల్చినప్పుడు దానికి అంటుకున్న జిడ్డును తినడానికి చేరిన సూక్ష్మజీవులు ఇంకాస్త నత్రజనిని వాడేసుకుంటాయి. పైగా అందులో బూడిద ఉంటుంది కాబట్టి క్షారగుణం ఎక్కువ. క్షారం పెరిగితే ఇనుము, జింకు నేలలో ఉండి కూడా మొక్కకు అందవు. ఆకు పసుపుపచ్చగా మారడానికి ఇంతకంటే ఏం కావాలి?

అందుకే బయోచార్‌ని ముందు పశువుల పెంటతో, పచ్చి చెత్తతో కలిపి కుప్ప వేసి కంపోస్టు చేయాలి. ఆ తర్వాతే నేలలోకి. ఈ విషయం ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలియనిది కాదు.

"అమ్మినాయన పెంట కలపమని చెప్పలేదా అండీ?" అని అడిగాను.

"అక్కర్లేదన్నారండీ. మా ఊళ్లో మీటింగ్ పెట్టి చెప్పారు, కంపెనీ కుర్రాడొచ్చి. మేం గుంట తీసి, ఎండబెట్టి, పెంటా వేపపిండీ ఎర్రమట్టీ కలిపి పూడుస్తాం కదండీ, మా మామగారి రోజుల్నించీ. అదంతా పాత పద్ధతి, పెంట వేస్తే చెదలొస్తాయి, ఉట్టి బయోచార్ వేస్తేనే దాని బలం దానికుంటుంది అన్నాడు. పెంట మానేసి ఇదే పోశాం."

నాకు ఒళ్లు మండిపోయింది. తెలియక చెప్పకపోవడం ఒకటి. తరతరాలుగా చేస్తున్న మంచి పనిని మాన్పించి మరీ ముంచడం ఇంకొకటి. పెంట ఇంట్లో దొరుకుతుంది, సంచి కొట్లో దొరుకుతుంది. ఆ కుర్రాడికి కావలసింది సంచి కదలడం.

పరీక్ష చేశాను. గుంట బయటి మట్టి మామూలుగానే ఉంది. గుంటలో మట్టి పిహెచ్, అంటే పులుపు క్షారాల కొలత, తొమ్మిదికి దగ్గరగా ఉంది. మొక్కకు అందే నత్రజని లేదనే చెప్పాలి. రెండు ఫలితాలూ పట్టుకుని కిందికి దిగాను. పురుషోత్తం గారు కౌంటర్లో ఉన్నారు. విషయం చెప్పాను.

"ఎర్రనేల కదండీ, నీళ్లు సరిగా పెట్టి ఉండరు" అన్నారు చూడకుండానే.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేలదే తప్పు, రైతుదే తప్పు. "నీళ్లు పెట్టకపోతే ఆకు వాడుతుందండీ, పసుపుపచ్చ అవదు. ఇది మనం అమ్మిన బొగ్గు పని. రిపోర్టులో కారణం కూడా రాస్తున్నా" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి కౌంటరు మీద పెట్టారు. "ఇందిర గారూ, ల్యాబ్ పని నంబర్లు చెప్పడం. కారణాలు మనకెందుకు? రేపు నలుగురొచ్చి నా మీద పడతారు."

"నలుగురు నష్టపోయి ఉంటే నలుగురూ పడాలి కదండీ."

"కంపెనీ వాళ్లు చెప్పిందే మేమూ చెప్పాం" అన్నారాయన. ఆ మాటతో తన చేతులు కడిగేసుకున్నట్టు మొహం పెట్టారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సరుకు పోయేదాకా రైతు దేవుడు, పోయాక నీళ్లు పెట్టడం చేతకానివాడు. నేను కారణం రాసే ఇచ్చాను. ఆయన నాతో వారం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

తర్వాతి ఆదివారం ముసునూరు వెళ్లాను. చెప్పింది నిజమే. వరుసగా గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో బక్క మొక్క, అక్కడక్కడా పూర్తిగా ఎండిన పుల్లలు. షెడ్డులో ఇంకా విప్పని బయోచార్ సంచులు దొంతరగా ఉన్నాయి. వాటిని కాలవలో పారబోస్తానంది కోటేశ్వరమ్మ గారు. ఆవిడ కోపం నాకు అర్థమైంది కానీ పారబోయవద్దన్నాను. ఈ బొగ్గు దొంగ కాదు, ఆకలితో ఉంది. పెంటతో కలిపి కుళ్లబెట్టి దీనికి కడుపు నింపితే ఇదే మీ మొక్కల్ని కాపాడుతుందని చెప్పాను.

అప్పుడు వచ్చాడు రాఘవయ్య గారు, భుజాన తువ్వాలుతో. మర్యాదగల మనిషే. మాట మాత్రం గట్టిది.

"ఏంటండీ మేడమ్ గారూ, కాలిపోయినదాన్ని మళ్లీ కుళ్లబెడతారంట? బొగ్గు కుళ్లుద్దా ఎక్కడైనా?"

"కుళ్లదండీ. కుళ్లకపోవడమే దాని గొప్ప. కుళ్లేది చుట్టూ ఉన్న పెంట, చెత్త. అవి కుళ్లేటప్పుడు వచ్చే రసమంతా ఈ బొగ్గు రంధ్రాల్లోకి దిగుతుంది. లోపల గోడలకు సన్నని పొరలా పడుతుంది. ఆ పొర ఏర్పడ్డాక బొగ్గు ఇక లాక్కోదు, పట్టుకుని ఉంచుతుంది. కొద్దికొద్దిగా ఇస్తుంది. క్షారం కూడా తగ్గుతుంది."

"మాటలు బాగున్నాయి. చవితికి చూద్దాం" అని వెళ్లిపోయాడు.

మే నెలలో నూజివీడు చుట్టుపక్కల దేనికి కొరతైనా మామిడి తొక్కకు కొరత లేదు. జ్యూస్ ఫ్యాక్టరీల దగ్గర తొక్క, టెంకలు గుట్టలు పడి ఈగలు ముసురుతుంటాయి. ఎక్కడ పోయాలో తెలియక ట్రాక్టరు వాళ్లు తలలు పట్టుకుంటారు. ఇక్కడికి తెచ్చి పోయండంటే ఒక డ్రైవరు దండం పెట్టినంత పని చేశాడు. తొక్కలో పులుపు ఉంటుంది, బొగ్గులోని క్షారానికి అది మందు. పెంట, తొక్క, గట్టు మీద పచ్చిరొట్ట కోసం పెంచే గ్లిరిసిడియా ఆకు ఎక్కువ పాలు, బొగ్గు తక్కువ పాలు. పొరలు పొరలుగా వేసి, పిడికిట్లో పిండితే చెమ్మ తెలిసేంత తడి పెట్టి కుప్ప చేయించాను. కుప్ప వేడెక్కుతుంది, వేడెక్కితేనే పని జరుగుతున్నట్టు, వారం వారం తిరగేయండి అని చెప్పి వచ్చాను. ఈలోగా ప్రాణం నిలవడానికి మొక్కలకు పేడనీళ్లు పోయమని, ఆకుల మీద జింకు, ఇనుము కలిపి కొట్టమని చెప్పాను.

జూన్ మొదట్లో ఆవిడ నుంచి ఫోను. "మేడమ్ గారండీ, కుప్ప దగ్గరికి మనిషి పోలేకపోతున్నాడండీ. కంపు. మా బావగారు ఊరందరికీ చెప్పి నవ్వుతున్నారు."

గోరుచుట్టు మీద రోకటిపోటు. బస్సు పట్టుకుని వెళ్లాను. కుప్పను చూసి ముందు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆవిడ కుప్పకు నాలుగు వైపులా వరిగడ్డి మందంగా పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టింది. చీమ దూరే సందు లేదు.

"ఇదేంటండీ, తిరగేయమంటే సమాధి కట్టారు?"

"వేడెక్కాలన్నారు కదండీ. తిరగేస్తే వేడి పోదా? కాయ మాగేసేటప్పుడు మేం ఇట్టాగే చేస్తాం, గాలి పోనిస్తే కాయ పండదు" అందావిడ, నాకే తెలియదన్నట్టు.

మామిడి పండించే ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఎవరూ చేయని పొరపాటు అది. గడ్డిలో కాయ మాగడానికి గాలి ఆడకూడదు, ఎరువు కుప్పకు గాలి లేకపోతే ఊపిరాడక పులిసిపోతుంది. తొక్క పులిసి సారా బట్టీ వాసన, పెంట నుంచి ముక్కు పగిలే అమోనియా ఘాటు. ఆ ఘాటు అంతా గాలిలోకి పోతున్న నత్రజనే. ఆవిడను తిట్టలేదు. తన చేతికి తెలిసిన పద్ధతిని వాడింది, అంతే. టార్పాలిన్ పీకేశాం. ఇద్దరు కూలీలు ముక్కులకు గుడ్డలు కట్టుకుని పారలతో కుప్పంతా విప్పారు. ఎండు మామిడాకులు కలిపాం, ఇంకో రెండు సంచుల బయోచార్ కూడా కలిపాం. కంపును లాక్కోవడంలో బొగ్గును మించింది లేదు. కుప్ప మీద వాన పడకుండా ఎత్తుగా పందిరి వేయించాను, పక్కలు మాత్రం వదిలేశాం. సాయంత్రానికి రాఘవయ్య గారు అటు వచ్చి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, కాసేపటికి తీసేసి వెళ్లాడు.

ఆ తర్వాత ఆవిడ ఎక్కడా తప్పు చేయలేదు. కుప్ప వేడెక్కింది, మెల్లగా చల్లారింది, పుట్టగొడుగులు లేచాయి, వానపాములు చేరాయి. ఆగస్టులో చూడబోతే పలుకుల్లో ఆ మెరుపు లేదు. గోధుమరంగు పట్టి, మట్టిలో కలిసిపోయినట్టున్నాయి. ఒక పలుకు చిదిమితే లోపల కూడా అదే రంగు. వాసన వాన పడ్డ మట్టి వాసన. నాకు చాలా సంతోషమేసింది, ఆ మాట ఆవిడతో పైకే అన్నాను.

చవితి దగ్గరపడుతోంది. నేను చింతలపూడి వైపు మట్టి నమూనాలు సేకరించడానికి వెళ్లిన రోజు రాఘవయ్య గారు తనే కుప్పలోంచి కాస్త సంచిలో వేసుకుని దుకాణానికి వచ్చాడు. అందులో బలముందో లేదో తేల్చుకుందామని. న్యాయమైన కోరికే. పైన నేను లేను. పురుషోత్తం గారు కౌంటరు కింద ఉండే కిట్ తీశారు. చిటికెడు వేసి, ఉప్పునీళ్లు పోసి, కాసేపు ఊపి, వడకట్టి, మందు చుక్కలు వేసి రంగు చూసే పెట్టె అది. నైట్రేట్, అంటే మొక్క తాగే నత్రజని, ఉంటే గులాబీ రంగు రావాలి. వచ్చీరానట్టు వచ్చింది.

"ఇందులో ఏం లేదు రాఘవయ్య గారూ, ఉట్టి నల్లమట్టి" అని తేల్చేశారట.

ఆ సాయంత్రం నేను బస్సులో ఉండగా కోటేశ్వరమ్మ గారు ఫోను చేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"మీ కొట్టోళ్లే అమ్మారు. అది వేసి మొక్కలు చస్తే నాకు నీళ్లు పెట్టడం రాదన్నారు. ఇప్పుడు మీ కొట్టోళ్లే పీకేయమన్నారు. చవితి వెళ్లిన మర్నాడు పొక్లెయిన్ వస్తందంట. నేనెవర్ని తిట్టాలో చెప్పండి మేడమ్ గారూ!"

మర్నాడు దుకాణం తెరిచేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. పురుషోత్తం గారితో ఏమన్నానో అంతా ఇక్కడ రాయలేను. బయట ఆటోవాళ్లు కూడా తొంగిచూశారు. "కాసేపు ఊపి చూసే కిట్ మట్టికండీ, బొగ్గుకి కాదు! లోపల దాచుకున్నదాన్ని పైపైన కడిగితే వస్తుందా? మీకు తెలియకపోతే నేను వచ్చేదాకా ఆగాల్సింది. ఒక మనిషి తోట పోతుంటే మీకు ఒక్క పూట ఆగడానికి ఏం?" అన్నాను. "రాఘవయ్య గారికి ఫోను చేయండి, ఆయన ముందే చేస్తాను. తప్పని తేలితే నేనే పొక్లెయిన్ ఎక్కుతాను" అని పైకి వెళ్లిపోయాను.

రాఘవయ్య గారు వచ్చాడు. వెనకాలే కోటేశ్వరమ్మ గారు. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు, ఆవిడ తలుపు దగ్గరే నిలబడింది, రమ్మన్నా రాలేదు. పురుషోత్తం గారు కూడా పైకి వచ్చి గోడకు ఆనుకున్నారు. మూడు సీసాలు తీసుకున్నాను. ఒకదాంట్లో వాళ్ల దొడ్లోని మామూలు పెంట ఎరువు, రెండోదాంట్లో కింద కొట్లో సంచిలోంచి తీసిన పచ్చి బయోచార్, మూడోదాంట్లో కోటేశ్వరమ్మ గారి కుప్పలోది. మూడింటిలో ఉప్పునీళ్లు పోసి షేకర్ మీద పెట్టాను. షేకర్ అంటే సీసాల్ని అలా ఊపుతూ ఉండే యంత్రం.

మొదటిసారి వడకట్టి చుక్కలు వేస్తే పెంట ఎరువు నీళ్లు ఎర్రగులాబీలా అయ్యాయి. పచ్చి బొగ్గు నీళ్లలో రంగే లేదు. కుప్పలోది లేతగా, ఉందా లేదా అన్నట్టు.

"చూశారా, పెంటే నయం" అన్నాడు రాఘవయ్య గారు.

"కూర్చోండి" అన్నాను.

అవే సీసాల్లో మళ్లీ కొత్త ఉప్పునీళ్లు పోసి, ఈసారి ఎక్కువసేపు ఊపించాను. పెంట ఎరువు రంగు పలచబడింది. కుప్పలోది చిక్కబడింది. మళ్లీ పోశాను. పెంట ఎరువు తెల్లనీళ్లు. కుప్పలోది గులాబీ. మధ్యాహ్నం భోజనానికి కూడా ఎవరూ కదల్లేదు, టీలు తెప్పించుకున్నాం. మళ్లీ పోసినా గులాబీయే. పచ్చి బొగ్గు మాత్రం మొదటి నుంచీ చివరిదాకా రంగే మారలేదు. దాని దగ్గర ఇవ్వడానికేమీ లేదు.

రాఘవయ్య గారు స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "ఎన్నిసార్లు కడిగినా వస్తానే ఉందేంటండీ?"

"మీ ఎర్రనేలలో వేసిన యూరియా గట్టి వాన పడితే ఏమవుద్దండీ?"

"ఏముంది, నీళ్లతో పాటు కిందకి దిగిపోద్ది. మళ్లీ వేసుకోవాలి."

"ఇది దిగనివ్వదు. వాన కడిగినా లోపల ఉంచుకుంటుంది. వేరు వచ్చి అడిగినప్పుడు ఇస్తుంది."

ఆయన తల తిప్పి పురుషోత్తం గారితో అన్నాడు, "ఏమండీ, ఇంత సంగతుందని అమ్మేటప్పుడే చెప్పుంటే సరిపోయేది కదా. మా మరదలు పిల్ల మొక్కలు చచ్చిపోతుంటే నేను దానిదే తప్పనుకున్నా. నలుగురిలో నవ్వా కూడా."

పురుషోత్తం గారు "కంపెనీవాళ్లు..." అని మొదలుపెట్టి ఆపేశారు. రాఘవయ్య గారు అక్కడే ఫోను తీసి పొక్లెయిన్ వాడికి రావద్దని చెప్పాడు. లేస్తూ తలుపు దగ్గరున్న ఆవిడతో, "పదమ్మా, చవితి సామాన్లు కొనుక్కుని పోదాం" అన్నాడు. క్షమించమనే అలవాటు ఆ తరం మగవాళ్లకు లేదు. ఆవిడ మాత్రం అదే చాలన్నట్టు కొంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగింది.

చవితి తర్వాత మొక్క చుట్టూ మూరెడు దూరంలో గాడి తీసి, అందులో పచ్చి బొగ్గు మట్టి కొంత తోడేసి, కుప్పలోది నింపారు. కార్తీకంలో ఒక పొద్దున్న ఆవిడ నాకు ఫోటో పంపింది. మామిడి కొత్త చిగురు ఆరోగ్యంగా వస్తే రాగిరంగులో వస్తుంది. రాగి చెంబు తోమి పెట్టినట్టుంది ఆ చిగురు. అన్నీ బతకలేదు. మూలవరుసలో చాలా మొక్కలు అప్పటికే చచ్చి ఉన్నాయి, వాటిని ఏ ఎరువూ లేపలేదు.

కథ ఇక్కడితో అయిపోతే నాకు ఇంత కోపం మిగిలేది కాదు. మరుసటి వేసవిలో కింద దుకాణంలో కొత్త సంచులు దిగాయి, కంపోస్టు చేసిన బయోచార్ అని. సంతోషమే. పాత పచ్చి బొగ్గు సంచులు కూడా పక్కనే ఉన్నాయి, ఎప్పటిలాగే అమ్ముడుపోతున్నాయి. కొత్త సంచుల ప్రచారానికి కోటేశ్వరమ్మ గారి ఫోటో కావాలన్నారు పురుషోత్తం గారు. నన్ను వెంటబెట్టుకుని ముసునూరు వెళ్లారు. నడుం దాటి పెరిగిన ఒక బంగినపల్లి మొక్క పక్కన నిలబడమన్నారు ఆవిడను.

"ఫోటోకేం, తీసుకోండి. ఇక్కడ కాదు" అందావిడ. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మూలవరుస దాకా నడిచి, మొక్క చచ్చిన ఖాళీ గుంటలోకి దిగి నిలబడింది. "ముందు ఇక్కడ తీయండి. మీరు మొదట అమ్మింది ఇది. తర్వాత కావాలంటే ఆ మొక్క పక్కన కూడా నిలబడతా. రెండు బొమ్మలూ పక్కపక్కన వేయండి."

పురుషోత్తం గారు ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

ఈ కేసు నాకు రెండు పాఠాలు నేర్పింది. ఒకసారి అడిగితే రాలేదని లేదనకూడదు అన్నది ల్యాబ్ పాఠం. అది చిన్నది. పెద్దది వేరే ఉంది. ఆ కంపెనీ కుర్రాడు మీటింగులో బయోచార్ గుణాల గురించి చెప్పిన మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. నీళ్లు పట్టుకుంటుంది, నిజం. పోషకాలు నిలుపుతుంది, నిజం. ఏళ్ల తరబడి ఉంటుంది, నిజం. మధ్యలో పెంటకుప్ప అనే ఒక్క మెట్టు తీసేశాడు, అంతే. పచ్చి అబద్ధమైతే రైతు ఎక్కడో ఒకచోట పట్టుకుంటాడు. సగం నిజాన్ని పట్టుకోలేడు, తన చేతకానితనమే అనుకుని తలవంచుకుంటాడు. పంట పోవడం కంటే ఆ తలవంపు నాకు ఎక్కువ మంట పుట్టిస్తుంది.

ఇప్పటికీ అదే మేడ మీద పనిచేస్తున్నాను. ఎవరైనా పచ్చి బయోచార్ ఎంత వేయాలని అడగడానికి పైకి వస్తే, "మీ ఇంట్లో పెంట ఎంతుంది?" అని అడుగుతాను. పెంట లేదని అంటే కొనొద్దని చెబుతాను. కింద కౌంటరుకు వినపడేలాగే చెబుతాను.